హెడరు ఫైలునకు త్రోవ చూపుట

మాలో కొందరము లిస్పు భాషను నేర్చుకొనుచున్నారము. ఒకనాడు చిన్న ప్రోగ్రామును కంపైలు చేయబోగా, ఇసిఎల్-సిఎంపి.హెచ్ అను ఫైలు కానరాలేదని తెరమీద కనబడినది. మేము వ్రాసినదానిలో ఆ పేరే లేదు! అది యెచ్చటినుండి వచ్చినదో విచారింపగా తెలిసిన సంగతిని చదువరులకు విన్నవించుచున్నాము.

1984వ సంవత్సరమున జపానునందు యుయాసా, హగియా యను నిరువురు పండితులు క్యోటో కామన్ లిస్పును నిర్మించిరి. అది లిస్పును సి భాషలోనికి మార్చును; పిదప సి కంపైలరు దానిని యంత్రభాషగా జేయును. సి కంపైలరు లేని యంత్రము అరుదు గాన ఈ యుపాయము మేలైనది. మేము వాడు ఇ.సి.ఎల్. ఆ సంతతిలోనిదే. అట్లు పుట్టిన సి ఫైలు మొదటనే, లిస్పు పనుల పేర్లును రూపములును దెలుపు హెడరును కోరును. కోరునది లిస్పు కంపైలరు, వెదకునది సి కంపైలరు. చిక్కంతయు ఈ రెంటి నడుమనే కలదు.

నారాయణగూడనుండి తమ్ముని కోఠికి బంపి, పాతపుస్తకముల యంగళ్లను ఈ వరుసను చూడుమని చీటి యిచ్చితి మనుకొందము. వాడు చీటిలోని యంగళ్లనే చూచును. పుస్తకము మొదట దొరకినచోటనే యాగును. పాత కూర్పైనను కొనివచ్చును. సి కంపైలరును అంతే. చీటిలో అంగడి పేరు చేర్చుటకు "మైనస్ ఐ" యని వ్రాసి ఫోల్డరు త్రోవను చెప్పవలెను. ఇ.సి.ఎల్.లో దీనిని యూజర్ సీసీ ఫ్లాగ్స్ అను చరరాశియందు ఉంచవచ్చును. సి ఫైలు కోరునది ఇసిఎల్ ఫోల్డరులోని ఇసిఎల్-సిఎంపి.హెచ్‌ను, కావున ఆ ఫోల్డరును గాక, దానిని గలిగియున్న పై ఫోల్డరును చెప్పవలెను. ఈ పొరపాటు మేమును జేసితిమి.

మన సొంత హెడరును కొటేషను గుర్తుల నడుమ కోరినచో, సి కంపైలరు ముందుగా సి ఫైలున్న చోటనే చూచును. ఆ సి ఫైలు తాత్కాలికపు ఫోల్డరులో పుట్టియుండవచ్చును. హెడరో, లిస్పు ఫైలు ప్రక్కనుండును. దీనికిని పూర్తి త్రోవతో మైనస్ ఐ యే మందు.

హెడరు దొరకకపోవుటకంటె పాత కూర్పు దొరకుట ప్రమాదము. తప్పు వేరొకచోట బయటపడి రోజులు గడచిపోవును. జి.సి.సి.కి "మైనస్ వి" యని చెప్పినచో తాను వెదకు ఫోల్డర్ల వరుసను చూపును.

మా చిక్కునకు మూలము మేమే. ఇ.సి.ఎల్.ను స్థాపించిన పిమ్మట ఫోల్డరును వేరొకచోటికి మార్చితిమి. అది పాత త్రోవనే చెప్పుచుండెను. ఒక తొందరపాటువాడు పుట్టిన సి ఫైలునే దిద్దెను గాని, మరల కంపైలు చేయగా ఆ దిద్దుబాటు మాయమయ్యెను.