ఖడ్గము, మంత్రము: ఒకే వీరుని చేత

బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుండి, పాచికలు వేయుచు, కథ నల్లుకొనుచు ఆడు ఆట యొకటి కలదు. వారిలో ఒకరు కథానిర్వాహకుడు. కోటలను, గుహలను, రాక్షసులను వర్ణించుట ఆయన పని. తక్కినవారు తలకొక పాత్రను ధరించి, 'తలుపు తెరచితిని', 'కత్తి దూసితిని' అని చెప్పుచుందురు. సాహసము ఫలించినదో లేదో పాచిక తేల్చును. ఈ తరహా ఆటలలో తొలుత అచ్చయి ప్రసిద్ధికెక్కినది 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు రచించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'.

ఇందు ప్రతి పాత్రకు ఒక వృత్తి యుండును. తొలి పుస్తకములలో వృత్తులు మూడే: యోధుడు, మాంత్రికుడు, మతాచార్యుడు. యోధునికి ఏ కవచమైనను, ఏ ఆయుధమైనను చెల్లును; మంత్రము మాత్రము రాదు. మాంత్రికునికి మంత్రములు వచ్చును. కవచము కూడదు, బాకు తప్ప వేరొక ఆయుధము కూడదు. ఈ లోపములు ఊరక పెట్టినవి కావు. ఒకని లోటు మరియొకనికి పని కల్పించును. యోధుడు ముందు నిలిచి దెబ్బలు కాచినగాని మాంత్రికునకు మంత్రము చదువ వ్యవధి చిక్కదు. బల్లచుట్టు చేరిన స్నేహము ఈ పరస్పరావసరముపైననే నిలిచియున్నది.

అయినను మనుష్యునకు ఆశ మెండు. కత్తియు, మంత్రమును రెండును గల వీరుడు కావలెనని ఆటగాండ్రు ఆదినుండియు కోరుచున్నారు. మనకిది క్రొత్త ఊహ కాదు. చేతబట్టి కొట్టునది శస్త్రమనియు, మంత్రించి విడుచునది అస్త్రమనియు మన పెద్దలు వేరుపరచిరి. అర్జునుడు రెండును ఎరిగినవాడు.

అట్టి వృత్తిని కల్పింపబూనినవానికి ఒక చిక్కు ఎదురగును. రెండు విద్యలను పూర్తిగా ఇచ్చినచో పక్కనున్న యోధునికి పనిలేదు. గాయకుడే మృదంగమును వాయించుకొనిన, పక్కవాద్యమువాడు ఏమి చేయవలెను? పోనీ, చెరిసగము ఇత్తమా, ఆ వీరుడు రెంటికి చెడిన రేవడి యగును. కావున వెల యొకటి చెల్లింపక తప్పదు. దానిని ఎచ్చట వసూలు చేయవలె ననునదియే ప్రశ్న.

1981 నాటి బేసిక్ పుస్తకము ఆ వెలను ఎదుగుదలలో వసూలు చేసినది. అందు ఎల్ఫ్ అను వనజాతి వీరుడు కవచము తొడిగియే మంత్రము చదువగలడు. అయితే రెండవ మెట్టు ఎక్కుటకు యోధునికి 2,000, మాంత్రికునికి 2,500 అనుభవాంకములు చాలగా, ఎల్ఫ్‌నకు 4,000 కావలెను. లెక్క న్యాయముగనే యున్నది. కాని వైభవము మొదటి సాయంత్రమే కనబడును. అప్పు మాసములమీద తీరును. ఆట నడుమ నిలిచిపోయినచో అప్పు తీరదు.

2000లో వెలువడిన మూడవ కూర్పు వెలను కవచముపై మోపినది. మాంత్రికుడు తోలుకవచము తొడిగిన నూటికి 10 వంతులు, నిలువెల్ల లోహకవచము తొడిగిన 35 వంతులు మంత్రము విఫలమగు అవకాశము కలదు. పరశురాముని శాపముచే, అక్కరకు మంత్రము స్ఫురింపని కర్ణుడు మనకు జ్ఞప్తికి వచ్చును. కథకు అది రక్తి కట్టించును. కాని సాయంత్రమంతయు తన వంతుకై వేచియున్న ఆటగానికి, ఆ వంతు పాచికపాలగుట కష్టముగ తోచును.

2011లో 'పాత్‌ఫైండర్' అను ఆటలో వచ్చిన 'మేగస్' వృత్తి మరియొక త్రోవ త్రొక్కినది. మేగస్ ఒక్క వంతులోనే కత్తివేటు వేసి, మంత్రమును చదువగలడు. అందుకై రెండవచేయి ఖాళీగ నుండవలె. డాలు పట్టరాదు, రెండుచేతుల ఖడ్గము ఎత్తరాదు. వేటు గురిలో రెండంకెలు తరుగును. మాంత్రికుడు తొమ్మిదవ శ్రేణి మంత్రములవరకు పోగా, ఇతడు ఆరవ శ్రేణితో ఆగును. ఈ వెల బల్లయొద్ద నున్నవారందరకు కండ్లయెదుటనే కనబడును.

ఇంతకు మించినది ఇంకొకటి కలదు. తాకి ప్రయోగింపవలసిన మంత్రమును మేగస్ తన కత్తిమొననుండి శత్రువునకు అందింపగలడు. ఇది యోధుడు చేయలేడు, సామాన్య మాంత్రికుడును చేయలేడు. అనగా మేగస్ రెండు సగముల కూడిక కాదు. తనదైన మూడవ పని కలవాడు. శస్త్రమే అస్త్రమైనట్లు.

మీ యింట పిల్లలు ఇట్టి వృత్తి నొకదానిని స్వయముగ కల్పింపబూనినచో, బలమును లెక్కించుటకు ముందు రెండు ప్రశ్నలు వేయుడని మా మనవి. ఇతడు మాత్రమే చేయగలిగిన దేమి? ఇతడు వచ్చిన పిమ్మట తక్కిన మిత్రులకు పని మిగులునా? రెండవ ప్రశ్నకు ఔనను సమాధానము రానంతవరకు ఆ వీరుని బల్లయొద్దకు పిలువరాదు. ఆట గెలుపుకొరకే కాదు. మరునాటి సాయంత్రము అందరును తిరిగి కూర్చుండుటకొరకు.