ముక్కాలి పీట జన్మవృత్తాంతము

కృష్ణా తుంగభద్రా నదుల నడుమ నొదిగియున్న రాయచూరు అంతర్వేదియందు, 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తియైన పిదప ఎడమగట్టు కాలువ నీరు సింధనూరు, మాన్వి తాలూకాల రేగడి భూములకు పారసాగినంతట, కోస్తా ఆంధ్రమునుండి తరలివచ్చిన రైతులు కాలువల వెంబడి నిలుపుకొన్న ఊళ్లను ప్రజలు నేటికిని క్యాంపు లనియే వ్యవహరింతురు. 1956లో రాయచూరు జిల్లా హైదరాబాదు రాజ్యమునుండి విడివడి మైసూరు రాష్ట్రమున చేరినను, తెలుగును కన్నడమును ఒక్క అరుగు మీదనే వినవచ్చుట మానలేదు. అట్టి ఊళ్లలో కాడి యనినను, మేడి యనినను, ద్వారబంధ మనినను వడ్రంగి కొట్టమునకు పోవలసినదే. అచ్చట ఇతరులకై తయారగు వస్తువులను గూర్చి చెప్పువారు పెక్కుమంది గలరు గాని, వడ్రంగి తనకొఱకు తాను చేసికొను మొరటు ముక్కాలి పీటను గూర్చి చెప్పువారు అరుదు. మేకు గాని జిగురు గాని ఎఱుగక, ఒక పలకయు మూడు కాళ్లును మాత్రమే కలిగి, మనుష్యుని బరువును ఏండ్ల తరబడి మోయు ఈ అల్పవస్తువు నాకు మిక్కిలి గౌరవార్హముగా తోచును. ఏలయన దీనిని బిగించి నిలుపు శక్తి కొయ్యను విడిచిపోవు నీటియందున్నది.

మొదట కాళ్ల సంఖ్యను విచారింతము. నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. ఆ మట్టిలోని బంకరేణువులు నీటిని తమ పొరల నడుమ చేర్చుకొని విరియుటయు, దానిని కోల్పోయి ముడుచుకొనుటయు ఇందులకు కారణము. అట్టి నేలపై అలికిన కొట్టము ఏ ఋతువునందును సమతలముగా నుండదు. ఒక్క వరుసలో లేని మూడు బిందువుల గుండా ఒక్క తలమే పోవును గనుక, మూడు కాళ్ల పీట ఏ నేలపైనైనను మూడు పాదములను మోపియే నిలుచును. నాలుగవ పాదము వచ్చి చేరెనా, అది తక్కిన మూటితో ఏకతలమున నుండుట దైవాధీనము. ఐనను ఈ లాభము ఉచితముగా రాలేదు. పాదములు 8 అంగుళముల వ్యాసార్ధము గల వృత్తముపై నున్నవనుకొనుడు: రెండు కాళ్ల నడుమ వైపునకు ఒరిగినపుడు, శరీరభారము కేంద్రమునుండి 4 అంగుళములు జరుగగానే ముక్కాలిపీట తలక్రిందగును, చతురస్రముగా నిలిచిన నాలుగు కాళ్లకైనచో ఐదున్నర అంగుళములకు పైబడి అవకాశము గలదు. అందుచేతనే వడ్రంగి కాళ్లను నిట్టనిలువుగా నిలుపక, పాదములు పలక అంచును దాటునట్లు వెలుపలికి వాల్చును. 14 అంగుళముల ఎత్తు పీటకు 14 డిగ్రీల వాలు చాలును. పాదము మూడున్నర అంగుళములు బయటికి జరుగును.

ఈ తెలివి ఏ ఒక్క దేశపు సొత్తును కాదు. 1922లో వెలువడిన ఈజిప్టు రాజు టూటన్‌ఖామెన్ సమాధియందు ఆయన సామగ్రిలో తెల్లరంగు పూసిన ముక్కాలిపీట యొకటి దొరకినది. గణితజ్ఞుడైన ఆయిలర్ 1774లో ప్రకటితమైన వ్యాసమున, మూడు పాదములపై నిలిచిన వస్తువు బరువులో ఒక్కొక్క పాదమునకు వచ్చు పాలును సమతౌల్య నియమములే తేల్చుననియు, నాలుగు పాదము లున్నచో అవి చాలవనియు, నేల ఎంత అణగునో గూడ భావింపవలసివచ్చుననియు నిరూపించెను.

ఇక కొయ్య. కాళ్లకు నల్లతుమ్మ చేవ శ్రేష్ఠము. బండిచక్రములకు దానినే వాడుట జగద్విదితము. పలకకు వేప చాలును. తుమ్మదుంగలోని చేవలేని వెలిభాగమును పురుగు తొలుచును గనుక, దుంగను కొంతకాలము చెరువు నీట నాననిచ్చుట మన పూర్వుల ఆచారము. పురుగునకు ఆహారమగు పిండిపదార్థము అందుచే తగ్గిపోవును. కాలికై కొయ్యను రంపముతో కోయక గొడ్డలితో చీల్చుటయే మేలు, చీలిక నార వెంబడియే పోవును గాన నార తెగక ఆ కొననుండి ఈ కొన వఱకు అఖండముగా నిలుచును.

పచ్చికొయ్యలో నీరు రెండు విధములుగా నుండును: కణముల బోలులో నిలిచియున్నది యొకటి, కణముల గోడలలో ఇంకియున్నది మఱియొకటి. మొదటిది పోయినంత మాత్రమున కొయ్య పరిమాణము మారదు; తేమ సుమారు 30 శాతమునకు దిగిన పిదప గోడలలోని నీరు వెడలనారంభించినపుడే కొయ్య ముడుచుకొనును. ముడుచుటయైనను సమానముగా జరుగదు. పొడవున దాదాపు శూన్యము. నడిబొడ్డునుండి బెరడు దిశగా కొంత. వలయముల వెంబడి దానికి సుమారు రెండింతలు. దుంగను అడ్డముగా కోసి తీసిన గుండ్రని బిళ్లను పీటగా చేయుట చూచుటకు అందముగానే యుండును గాని, ఆ రెండింతల ముడుత దానిని అంచునుండి నడిబొడ్డు వఱకు చీల్చివేయును. కావున పలకను దుంగ పొడవున చీల్చియే తీయవలెను.

ఇప్పుడు అసలు కీలకము. కాళ్ల కొనలను బాడిసెతో చెక్కి, గుండ్రని కుసులు దీర్చి, వాటిని వేసవి ఎండలో, అవసరమైనచో వేడి ఇసుకలో, చక్కగా ఎండబెట్టుదురు. పలకను మాత్రము సగము పచ్చిగానే యుంచి, బరమాతో వాలుగా బెజ్జములు తొలిచి, కుసులను దిగగొట్టుదురు. దినములు గడచినకొలది పలక ఎండి, నారకు అడ్డముగా ముడుచుకొని, గుండ్రని బెజ్జమును కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చును. అంతకు ముందే ఎండి ముడుచుకొనుట చాలించిన కుసిని అది రెండు ప్రక్కల నుండి ఒత్తిపట్టును. నార దిశలో మాత్రము ఆ పట్టు ఉండదు. అందుకై కుసి తలను చీల్చి పలుచని కొయ్య చీలను, పలక నారకు అడ్డముగా నుండునట్లు, సుత్తితో దించుదురు. అది కుసిని నార వెంబడి విరియజేయును. ఒక దిశను నీటి నిష్క్రమణము, దానికి లంబమైన దిశను చీల కాపాడును. చీలను నార వెంబడి దించితిమా, పలక రెండుగా పగులును. పలక మఱీ పచ్చిదైనచో ముడుత మితిమీరి అదియు పగులును. సగము ఆరిన పలకను తట్టి చూచి ఎన్నుకొనుట అనుభవజ్ఞుని చేతికే సాధ్యము, ఈ ఒక్క నేర్పును ఏ పుస్తకమును పూర్తిగా బోధింపజాలదని నా నిశ్చయము.

కాళ్లు దిగిన పిమ్మట పీటను చదునైన బండపై నిలిపి, పలకపై దారముతో మట్టము సరిచూచి, పొట్టియైన కాళ్ల క్రింద చెక్కముక్కలు జొనిపి, ఒక్క ఎత్తున మూడు కాళ్లకును గుఱుతు గీచి కోయుదురు. కాలొకటి అరిగినను విఱిగినను పీటను పారవేయ నక్కఱలేదు: చీలను తొలిచి తీసి, పాత కుసిని వెడలగొట్టి, బెజ్జపు కోడిగ్రుడ్డు ఆకారమునకు సరిపడ క్రొత్త కుసిని చెక్కి, ఎండిన తుమ్మకాలిని మరల బిగించవచ్చును.