సందేశ యాప్‌లలో స్థానిక డేటాబేస్, సమకాలీకరణ దోషాలు: కారణాలు, సవరణ మార్గాలు

వ్యాససంగ్రహం:

ఫోనులో సందేశాలను భద్రపరిచే స్థానిక డేటాబేస్‌కూ సర్వర్‌లోని ప్రతికీ పొంతన కుదరనప్పుడు సందేశాలు రెండుసార్లు కనిపించడం, మాయమవడం, వరుస తప్పడం సంభవిస్తాయి. ఈ దోషాల మూలాలను, వాటిని సవరించే పద్ధతులను పల్నాడు మిర్చి వ్యవహారాన్ని ఉదాహరణగా తీసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. ఉపోద్ఘాతం:

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో మిర్చి ముఖ్యమైన వాణిజ్య పంట. మాచర్ల పరిసరాలలోని ఒక రైతు గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ ఏజెంటుకు "రేపు 30 టిక్కీలు పంపుతున్నాను" అని సందేశం పెట్టాడని ఊహించవచ్చు. అంతలో సిగ్నల్ తెగింది. యాప్ మళ్లీ పంపింది. అవతలి ఫోనులో సందేశం రెండుసార్లు కనిపిస్తే, రావలసినవి 30 టిక్కీలా, 60 టిక్కీలా? పైకి చిన్నదిగా తోచే ఈ దోషం బేరాన్నీ నమ్మకాన్నీ దెబ్బతీయగలదు.

2. స్థానిక డేటాబేస్ స్వరూపం:

డి. రిచర్డ్ హిప్ రూపొందించగా 2000లో వెలువడిన ఎస్‌క్యూలైట్ ఇందుకు విస్తృతంగా వాడుకలో ఉంది. దీనికి వేరే సర్వర్ అక్కరలేదు; సమాచారమంతా ఫోనులోనే ఒక ఫైలులో ఉంటుంది. సందేశ లైబ్రరీ మొదట సందేశాన్ని ఇందులో రాసి, తెరపై చూపి, ఆ తరువాత సర్వర్‌కు పంపుతుంది. అంటే రైతు చిట్టా, వ్యాపారి ఖాతా వలె ఒకే లావాదేవీకి రెండు పద్దులు ఏర్పడతాయి. ఆ రెండింటినీ సరిపోల్చడమే సమకాలీకరణ.

3. ప్రధాన దోషాలు - సవరణ:

3.1 పునరావృత్తి: సందేశం సర్వర్‌కు చేరినా, చేరినట్లు తెలిపే రసీదు దారిలో పోవచ్చు. లైబ్రరీ అది చేరలేదని భావించి, కొత్త గుర్తింపు సంఖ్యతో మళ్లీ పంపితే రెండు సందేశాలవుతాయి. కనుక పంపడానికి ముందే ఫోనులో ప్రతి సందేశానికి ఒకే గుర్తింపు కేటాయించాలి. ఎన్నిసార్లు పంపినా అదే వాడాలి. ఒకే గుర్తింపుతో రెండో వరుస చేరకుండా ఇరువైపులా డేటాబేస్‌లో నిబంధన ఉండాలి.

3.2 అదృశ్యం: ఎంతవరకు సందేశాలు అందాయో తెలిపే గుర్తును లైబ్రరీ దాచుకుంటుంది. సందేశాలను భద్రపరచక ముందే ఆ గుర్తును ముందుకు జరిపితే, మధ్యలో యాప్ ఆగినప్పుడు ఆ సందేశాలను అది మళ్లీ అడగదు. రెండు పనులనూ ఒకే ట్రాన్సాక్షన్‌లో చేస్తే, రెండూ జరుగుతాయి లేదా రెండూ జరగవు.

3.3 వరుస తప్పడం: రెండు ఫోన్ల గడియారాలు ఒకే సమయం చూపకపోవచ్చు. ఘటనల క్రమాన్ని భౌతిక గడియారంతో నిమిత్తం లేకుండా నిర్ణయించవచ్చని లెస్లీ లాంపోర్ట్ 1978లో నిరూపించారు. సంభాషణలో సర్వర్ ఇచ్చే వరుస సంఖ్యను ప్రమాణంగా తీసుకొని, ఆ సంఖ్య ఇంకా రాని సందేశాలను చివరన చూపడం ఉచితం.

4. తెలుగు లిపి చెప్పే పాఠం:

యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ రాయవచ్చు. కంటికి ఒకటిగా కనిపించే "మైలవరం" డేటాబేస్‌కు రెండు వేర్వేరు పదాలవుతుంది, వెతికితే దొరకదు. భద్రపరిచేటప్పుడూ వెతికేటప్పుడూ పాఠాన్ని ఒకే రూపంలోకి మార్చడం దీనికి పరిష్కారం.

2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక అక్షర సమూహం ఐఫోన్లలో సందేశ యాప్‌లను స్తంభింపజేసింది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6తో దానిని సవరించింది. దోషం అక్షరాలను చూపే విభాగానిదే అయినా, సందేశం ఫోనులో నిలిచి ఉన్నందున సంభాషణను తెరిచినప్పుడల్లా యాప్ మళ్లీ ఆగిపోయేది. నిల్వ ఉన్న సమాచారం దోషాన్ని శాశ్వతం చేయగలదని ఈ ఘటన తెలుపుతుంది.

5. ముగింపు:

స్థానిక డేటాబేస్‌ను చెరిపి, సర్వర్ నుంచి అంతా మళ్లీ దింపుకోవడం తేలిక మార్గంగా కనిపిస్తుంది. కానీ ఇంకా పంపని సందేశం ఫోనులో తప్ప మరెక్కడా ఉండదు. చెరిపితే అది తిరిగి రాదు. అందువల్ల ప్రతి దశలోనూ కావాలని సిగ్నల్ తెంచి, యాప్‌ను ఆపి, ఫలితాన్ని పరీక్షించిన తరువాతనే సవరణ పూర్తయినట్లు భావించాలి. రైతు రాసిన 30 టిక్కీలు అవతల 30గానే, ఒక్కసారే కనిపించడం ఆ పరీక్షకు గీటురాయి.