రెప్ప దిద్దబోతే కంటికి చేటు

అమలాపురం: కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత కోనసీమలోని ఒక గ్రామానికి చెందిన దర్జీ మహిళ విషయంలో నిజమయింది. వయసుతో జారిన కంటిరెప్పలను అందంగా సరిచేయించుకుందామని పట్నం వెళ్లిన ఆమె, ఇప్పుడు కుడికన్ను పూర్తిగా మూతపడక, కుట్టుమిషను ముందు అరగంట కూర్చోలేక అవస్థ పడుతున్నది.

ఆమె వయసు 52 సంవత్సరాలు. పాతికేళ్లుగా ఊరివారికి జాకెట్లు కుడుతూ సంసారాన్ని లాక్కొస్తున్నది. భర్త కొబ్బరి దింపు పనికి వెళతాడు. చిన్న కూతురి నిశ్చితార్థంలో తీసిన ఫొటోలలో తన కళ్లు ఏడ్చి లేచినట్టు ఉన్నాయని ఆమెకు దిగులు పట్టుకున్నది. పై రెప్పల చర్మం ముడతపడి వెంట్రుకల మీదికి వాలింది. కళ్ల కింద నలుపు కూడా ఉన్నది. అదే సమయంలో ఒక ప్రయివేటు ఆసుపత్రి ప్రకటన సెల్‌ఫోనులో కనిపించింది. గంటలో ఆపరేషన్, అదే రోజు ఇంటికి అన్నారు. చీటీ పాడి తెచ్చిన 50 వేల రూపాయలు అక్కడ కట్టింది.

మూతపడని కన్ను

ఆపరేషన్ నాడు బల్ల మీద పడుకున్నాక ఇంగ్లీషు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారని, అందులో ఏముందో ఎవరూ చదివి చెప్పలేదని ఆమె అన్నది. వారం తిరక్కుండా కుట్లు విప్పారు. వాపు, కమిలిన మచ్చలు క్రమంగా పోయాయి. కానీ కుడికన్ను పెద్దదిగా, ఎడమకన్ను చిన్నదిగా కనిపించసాగింది. కంటి కింద నలుపు ఎప్పటిలాగే ఉండిపోయింది. “ఏం వదినా, నా మీద కోపమా? అలా గుడ్లురిమి చూస్తున్నావు!” అని పొరుగావిడ వేళాకోళమాడింది.

అసలు సంగతి ఒక రాత్రి బయటపడింది. మంచినీళ్లకు లేచిన భర్తకు, నిద్రపోతున్న భార్య కుడికన్ను సందు తెరుచుకుని తెల్లగుడ్డు కనిపించింది. లేపితే నిద్రలోనే ఉన్నానన్నది. ఉదయానికి కన్ను ఎర్రబడటం, మంట, నీరు కారటం నిత్యకృత్యమయింది. ఫ్యాను గాలి పడటం లేదు. ఆపరేషన్ చేసిన చోట అడిగితే, అలవాటవుతుందని సరిపుచ్చి పంపేశారు. పెళ్లిలో నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంటే, వచ్చినవారంతా శుక్లాల ఆపరేషనా అని అడిగారు.

ఎక్కడ పొరపాటు జరిగింది?

చివరకు ఆమె ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లింది. కుడి పై రెప్పలో తీయవలసినదానికన్నా ఎక్కువ చర్మం తీశారని అక్కడి వైద్యురాలు చెప్పారు. ముడతను కోసేముందు మనిషిని కూర్చోబెట్టి కొలిచి గుర్తు పెట్టుకోవాలి. కనుబొమకు, రెప్ప అంచుకు మధ్య సాధారణంగా కనీసం 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలి. అంతకు తగ్గితే రెప్ప కిందికి అందదు. రెప్ప మూయకపోతే నల్లగుడ్డు మీది పొర ఎండిపోయి పుండు పడవచ్చు, చూపు కూడా దెబ్బతినవచ్చు.

ఆపరేషన్‌కు ముందే ఆమెకు కన్ను పొడిబారే లక్షణం ఉండవచ్చని కూడా వైద్యురాలు అనుమానించారు. నడివయసు దాటిన స్త్రీలలో ఇది తరచు కనిపిస్తుంది. కింది రెప్పలో సన్నని కాగితం ముక్కను 5 నిమిషాలు ఉంచి ఎంత తడిసిందో చూస్తే తెలిసిపోతుంది. ఆ పరీక్ష ఆమెకు ఎవరూ చేయలేదు. ఇక కంటి కింద నలుపు చాలావరకు చర్మం రంగుకు సంబంధించినది. పై రెప్ప కోసినంత మాత్రాన అది పోదని ముందే చెప్పి ఉంటే ఆమె ఆశ పెట్టుకునేది కాదు.

వాలిన రెప్పలన్నీ ఒకటి కావు

రెప్ప వాలటానికి కారణాలు వేరువేరు. చర్మం ముడతపడటం ఒకటి. రెప్పను ఎత్తే కండరం బలహీనపడటం మరొకటి. దీనికి చేసే ఆపరేషన్ వేరు. పొద్దున బాగుండి సాయంత్రానికి వాలిపోతుంటే అది నరాల నుంచి కండరాలకు ఆజ్ఞ సరిగా అందని జబ్బు కావచ్చు, మందులతో నయం చేయవలసి ఉంటుంది. ఒక రెప్ప హఠాత్తుగా వాలి, వస్తువులు రెండుగా కనిపించినా, తలనొప్పి తీవ్రంగా ఉన్నా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లాలి.

చర్మం బాగా జారి చూపుకు అడ్డువస్తే ఆపరేషన్ మేలు చేస్తుంది. అది నేర్చినవారి చేతిలో చాలామందికి సవ్యంగానే జరుగుతుంది. అయితే ఆపరేషన్ తరువాత కన్ను ఉబ్బి, తీవ్రంగా నొప్పి పుట్టి, చూపు మందగిస్తే కంటి వెనుక రక్తస్రావం కావచ్చు. అరుదే అయినా గంటలలో చూపు పోగొట్టే ప్రమాదమిది. తెల్లారాక చూద్దామనుకోరాదు. రక్తం పలుచబడే మాత్రలు వాడేవారు ఆ విషయం వైద్యునికి ముందే చెప్పాలి.

సంతకానికి ముందు అడగండి

ఆపరేషన్‌లోని లాభనష్టాలు రోగికి తెలిపి సమ్మతి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లో స్పష్టం చేసింది. రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే తీర్పు చెప్పింది. నష్టపోయినవారు 2 సంవత్సరాలలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. వైద్యపు కాగితాలు అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. విశాఖపట్నంలోని ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానివే. డబ్బు కట్టే ముందు అటువంటి చోట ఒకసారి చూపించుకుని రెండో మాట తెలుసుకోవటం మంచిది.

ప్రస్తుతం ఆమె పగలు చుక్కలమందు, రాత్రి పూతమందు వాడుతూ, పడుకునేముందు రెప్పకు పట్టీ వేసుకుంటున్నది. గాయం పూర్తిగా మెత్తబడటానికి కొన్ని నెలలు పడుతుందని, అప్పటికీ మూతపడకపోతే వేరేచోటి చర్మం తెచ్చి రెప్పకు అతకవలసి రావచ్చని వైద్యురాలు చెప్పారు. కాజాల పని పెద్ద కోడలు చూసుకుంటున్నది. సూదిలో దారం కూడా ఆమే ఎక్కించి ఇస్తున్నది. “నా కళ్లు బాగాలేవని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఫొటో చూసి నేనే అనుకున్నాను. ఇంకో ఆడకూతురు ఇలా తొందరపడకూడదనే చెబుతున్నాను” అని ఆమె అన్నది.