జీవకణపు వాకిలి

వంటయింట కాకరకాయ కూర చేయబూనిన తల్లిని మీరు చూచియే యుందురు. ఆమె కాయలను చక్రములుగా తరిగి, వానికి ఉప్పు పట్టించి, కొంతసేపు పళ్లెములో నుంచును. అరగంట గడచునప్పటికి ముక్కలు వడలి మెత్తబడును. పళ్లెములో చేదునీరు ఊరును. ఆమె పళ్లెములో నీరు పోయలేదు. ఆ నీరెక్కడిది?

మఱియొక వింతను గమనింపుడు. ఆకుకూరలు అమ్మువారు ఎండకు వాడిన కొత్తిమీర కట్టపై నీరు చిలుకరింతురు. కొంతసేపటికి అది మరల నిగనిగలాడుచు తల యెత్తును. ఒకచోట నీరు కాయలోనుండి వెలుపలికి వచ్చినది. ఇంకొకచోట ఆకులోనికి చేరినది. ఈ రెంటికిని మూలమైన వస్తువు ఒక్కటే. అది కంటికి కానరాని సన్నని పొర. దానికి కణత్వచమని పేరు.

ప్రాణులన్నియు జీవకణములతో నిర్మింపబడినవని మీరు చదివియున్నారు. బాక్టీరియా వంటి జీవికి ఒక్క కణమే దేహము. మన దేహమునందో లక్షల కోట్ల కణములు కలవు. ప్రతి కణములోను నీరు కలదు. ఆ నీటిలో లవణములు, చక్కెర, మాంసకృత్తులు తగిన పాళ్లలో కలిసియుండును. ఆ పాళ్లు తప్పినచో కణము తన పని చేయజాలదు. మిక్కిలి తప్పినచో మరణించును. కణమునకు వెలుపలను నీరే కలదు గాని, అందలి లవణముల పాళ్లు వేరు. లోపలి నీటిని వెలుపలి నీటిలో కలిసిపోనీయక కాపాడునది కణత్వచమే. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసినచో, అందు ఏడెనిమిది భాగములే దాని మందము. మీరు చదువుచున్న ఈ కాగితమంత మందము కావలెనన్నచో, అట్టి పొరలను సుమారు పదివేలు ఒకదానిపై నొకటి పేర్చవలసియుండును.

ఇంత సన్నని పొర దేనితో చేయబడినది? 1925లో హాలండు దేశమున గోర్టర్, గ్రెండెల్ అను నిద్దరు శాస్త్రజ్ఞులు ఎఱ్ఱ రక్తకణములనుండి కొవ్వును వేరుచేసి నీటిపై పరచిరి. ఆ కొవ్వు వ్యాపించిన వైశాల్యము, ఆ కణముల ఉపరితల వైశాల్యమునకు ఇంచుమించు రెండింతలుగా కనబడెను. కావున త్వచమునందు కొవ్వు రెండు వరుసలుగా నున్నదని వారు నిర్ణయించిరి. ఆ కొవ్వు అణువునకు తలవంటి భాగము నీటిని కోరును. తోకవంటి భాగము నీటికి దూరముగా తొలగును. అందుచే తలలు రెండువైపులనున్న నీటివంకకు తిరిగియుండును. తోకలు నడుమ దాగియుండును. 1972లో అమెరికాలో సింగర్, నికల్సన్ అనువారు ఈ పొర గోడవలె బిగిసియుండదనియు, నూనెవలె కదలుచుండుననియు, మాంసకృత్తులు దానియందు తెప్పలవలె తేలుచుండుననియు వివరించిరి. ఈ మాంసకృత్తులలో కొన్ని కణమునకు వాకిళ్లు, కొన్ని కావలివాండ్రు.

ఇక నీటి సంగతి చూతము. ఇట్టి పొరకు ఒకవైపున ఉప్పు తక్కువగాను, రెండవవైపున హెచ్చుగాను ఉన్నచో, నీరు ఉప్పు తక్కువైన వైపునుండి హెచ్చైన వైపునకు పోవును. దీనినే ద్రవాభిసరణమందురు. ఉప్పునకు మాత్రము కొవ్వుపొరలో త్రోవ లేదు. నీరు కొవ్వుపొరగుండ మెల్లగా జారగలదు. త్వరగా పోవుటకు దానికి ప్రత్యేకమైన ద్వారములు కలవు. ఆ నీటి ద్వారములైన మాంసకృత్తును 1992లో గుర్తించినందులకు పీటర్ ఆగ్రీ అను అమెరికా వైద్యునకు 2003లో నోబెల్ బహుమతి లభించెను. కాకరకాయ ముక్కలపై ఉప్పు చేరగానే కణములలోని నీరు వెలుపలికి పరుగెత్తుటకు కారణము ఇప్పుడు మీకు బోధపడినదిగదా!

ఎఱ్ఱ రక్తకణమును మంచినీటిలో వేసినచో నీరు లోనికి చొచ్చుకొనిపోయి, అది బూరవలె ఉబ్బి పగులును. చిక్కని ఉప్పునీటిలో వేసినచో నీరు కోల్పోయి ముడుతలు పడును. లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి అందు వేసినచో ఉబ్బదు, ముడుగదు. ఆసుపత్రిలో రోగి రక్తనాళములోనికి బొట్టుబొట్టుగా ఎక్కించు సెలైను నీటిలో ఉప్పు ఈ పాలుననే యుండును. సూదితో మంచినీరు ఎక్కించినచో రక్తకణములు పగిలి ప్రాణాపాయము కలుగును. కొత్తిమీర కణములు నీరు త్రాగియు పగులకుండుటకు కారణము, వాని త్వచమునకు వెలుపల గట్టి గోడ యుండుటయే. మన కణములకు అట్టి గోడ లేదు. అవి వేఱొక ఉపాయముచే బ్రతుకవలెను.

ఆ ఉపాయమేమి? మన కణములకు వెలుపల సోడియము లోపలికంటె పదిరెట్లకు మించియుండును. పొటాషియమో, లోపల ముప్పదిరెట్లు హెచ్చుగా నుండును. ఎంత కాపలా యున్నను, సోడియము కొంచెము కొంచెముగా లోనికి ఊరుచునే యుండును; పొటాషియము వెలుపలికి జారుచునే యుండును. చిల్లుపడిన పడవలోనికి నీరు వచ్చుచున్నప్పుడు సరంగు ఏమి చేయును? చేతితో డొక్కు పట్టుకొని యెడతెగక తోడిపోయును. త్వచములోని యొక మాంసకృత్తు అట్టి పనియే చేయుచున్నది. అది ప్రతిసారియు మూడు సోడియము అయానులను వెలుపలికి నెట్టి, రెండు పొటాషియము అయానులను లోనికి తెచ్చును. 1957లో డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు యెన్స్ స్కౌ పీత కాలి నరములపై పరిశోధించి దీనిని కనుగొనెను. 1997లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగము లభించెను.

తోడువానికి కూలి యీయవలెనుగదా! ఈ పంపునకు కూలి ఏ.టి.పి. అను పదార్థము. మనము తిను అన్నములోని శక్తి కణములలో ఈ రూపమునకు మారి ఖర్చగుచుండును. ఆ పదార్థమును 1929లో కండరమునుండి కనుగొనినవారిలో భీమవరమున జన్మించిన మన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు. ఆయన అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే అను ఆచార్యునితో కలసి ఈ పరిశోధన చేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని విడిగా కనుగొనెను. మనము కదలక పండుకొనియున్నప్పుడును, దేహము వ్యయము చేయు శక్తిలో సుమారు ఐదవవంతు ఈ పంపులకే చెల్లుచుండును. కూలి అందక పంపు ఆగినచో, సోడియము లోపల పేరుకొనును. దాని వెంట నీరు చేరును. కణము ఉబ్బి నశించును. పడవ మునిగినట్లే!

దేహము లోపలి స్థితిని ఇట్లు సమముగా నిలుపుకొనుటకు 1926లో వాల్టర్ కానన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు హోమియోస్టాసిస్ అని పేరిడెను. మనము దానిని సమస్థితి యందుము. సమస్థితి యనగా కదలకుండుట యని తలంపరాదు. నిలుకడగా కనబడు ప్రతి కణమునందును క్షణమాత్రమైన విశ్రాంతి లేని పని సాగుచున్నది.

ఈ వాకిళ్లలో ఒక్కటి చెడినచో నేమగునో కలరా వ్యాధి చూపును. కలరా క్రిములు ప్రేగులలో ఒక విషమును విడుచునని 1959లో కలకత్తాకు చెందిన శంభునాథ్ డే నిరూపించెను. ఆ విషముచే ప్రేగు కణములలో క్లోరైడు వెడలు ద్వారములు మూతపడక తెరచియే యుండును. క్లోరైడు పోవును, దాని వెంట సోడియము పోవును, ఆ రెంటి వెంట నీరు పోవును. తీవ్రమైన కలరాలో రోగి గంటకు లీటరు వఱకును నీరు కోల్పోవచ్చును. చికిత్స లేనిచో కొన్ని గంటలలోనే ప్రాణము పోవచ్చును. త్రాగించిన ఉప్పునీరును చాలినంతగా ఒంటబట్టదు.

అయినను ఆ విషము ఒక వాకిలిని చెఱుపజాలదు. సోడియము, గ్లూకోజు అను చక్కెర కలసి వచ్చినచో రెంటిని జతగా లోనికి గొనిపోవు ద్వారమొకటి ప్రేగు కణములకు కలదు. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రతిపాదించెను. ఆ జత లోనికి పోయినచో నీరును వెంట పోవును.

1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలమున లక్షలకొలది జనులు ఇల్లువాకిళ్లు విడిచి పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. బనగావ్ వద్దనున్న శిబిరములలో కలరా చెలరేగెను. ఆసుపత్రిలో నేలపై సైతము రోగులే. సెలైను సీసాలు చాలలేదు. సూది వేయ నేర్చినవారును చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపిన ద్రావణమును రోగులకు త్రాగించెను. రోగుల బంధువులే దానిని గిన్నెలతో పట్టి తమవారికి పోసిరి. అంతకు పూర్వము అచట నూటికి ముప్పదిమంది వఱకు మరణించుచుండగా, ఈ ద్రావణము త్రాగినవారిలో మరణములు 3.6 శాతమునకు దిగెను. చదువు లేని తల్లి చేతిలోని గిన్నెడు నీరు బిడ్డ ప్రాణము నిలిపినది. అందులకు మూలము ఆ సన్నని పొరలోని యొక చిన్న వాకిలి!

నేడు మందుల దుకాణములలో లభించు ఓ.ఆర్.ఎస్. పొడి ఈ ద్రావణము జాతిదే. మీ యింట ఎవరికైన విరేచనములు పట్టుకొన్నచో, దానిని ప్యాకెట్టుపై వ్రాసిన కొలత ప్రకారము, కాచి చల్లార్చిన నీటిలో కలిపి కొంచెము కొంచెముగా త్రాగింపుడు. తొందరగా నయమగునని తక్కువ నీటిలో చిక్కగా కలుపరాదు. మిక్కిలి ఉప్పు కాకరకాయ ముక్కలను వడలించినట్లే దేహములోని నీటిని బయటికి లాగును. రోగి మఱింత నీరసించినచో ఆలసింపక వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

బాలబాలికలారా! తలుపులన్నియు మూసికొన్న కణము ఆకలిచే చచ్చును; అన్నియు తెరచియుంచిన కణము చెడి చచ్చును. వచ్చుదానిని ఎఱిగి రానిచ్చుచు, పోదగినదానిని పోనిచ్చుచు, అందులకై తన కష్టార్జితమును వెచ్చించుచున్న కణమే బ్రతుకును. రేపు వంటయింట కాకరకాయలపై ఉప్పు చల్లునప్పుడు పళ్లెమువైపు ఒక్కమారు చూడుడు. ఆ ఊరిన నీటిలో మీ ప్రాణరక్షణ రహస్యము కానవచ్చును.