సోలాపూర్ మగ్గాల పేట నుంచి పరదేశ చదువుల దాకా

మహారాష్ట్రలోని సోలాపూర్ తూర్పు భాగంలో ఉన్న మగ్గాల పేటల్లో పెరిగే పద్మశాలి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, కన్నడం వినబడతాయి. తాతముత్తాతలు తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. పరాయి భాష మధ్య బతకడం ఈ పిల్లలకు పసితనం నుంచే అలవాటు. విదేశీ విశ్వవిద్యాలయంలో తొలి నెలల్లో చాలామందిని కుంగదీసేది సరిగ్గా అదే కాబట్టి, దీన్ని నేను చిన్న బలంగా అనుకోను.

ఈ ఊళ్లో పుట్టి పరదేశపు భాషను తన సొంతం చేసుకున్న గొప్ప మనిషి డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. 1910లో సోలాపూర్‌లో, మరాఠీ ఇంట పుట్టారు. 1938లో అయిదుగురు భారతీయ వైద్యుల బృందంలో యుద్ధంలో ఉన్న చైనాకు వెళ్లారు. అక్కడ చైనీస్ నేర్చుకున్నారు, క్షతగాత్రులకు శస్త్రచికిత్సలు చేశారు, వైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పారు. 1942 డిసెంబరులో, 32 ఏళ్లకే కన్నుమూశారు. చైనీయులు ఆయన్ను కే దిహువా అంటారు. షిజియాజువాంగ్‌లో ఒక వైద్య పాఠశాలకు ఆ పేరే పెట్టారు.

ఈ కాలంలో చైనాకు వైద్యం చదవడానికి వెళ్లే మన పిల్లలకూ అదే భాషా పరీక్ష ఎదురవుతుంది. పాఠం ఇంగ్లీషులో నడిచినా, ఆసుపత్రి మంచం మీది రోగి తన బాధ చైనీస్‌లోనే చెబుతాడు.

పరదేశం వెళ్తూ చాలామంది ఊరి గుర్తుగా చద్దరు తీసుకెళ్లాలనుకుంటారు. సోలాపూర్ చద్దరుకు 2005లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. జాకార్డ్ మగ్గం మీద నేసే మందపు నూలు దుప్పటి అది. చలిదేశం వెళ్లేవారికి పనికొస్తుంది, బరువు మాత్రం చూసుకోవాలి. చాలా విమానాల్లో ఒక పెట్టెకు 23 కిలోలే.

అమెరికాలో ఎఫ్-1 వీసా విద్యార్థి తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చేయవచ్చు. డబ్బు ఇబ్బంది మాత్రం ఇప్పటిది కాదు. 1920లలో బోస్టన్‌లో ఉన్న తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుకు చేతిలో డబ్బు లేక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేయాల్సి వచ్చింది. ఆ కష్టంలోనే 1925లో, రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించారు. 1930లో హార్వర్డ్ ఆయనకు పీహెచ్‌డీ ఇచ్చింది.

డబ్బే కాదు, ఆ దేశపు రాజకీయాలూ చదువుకు అడ్డురావచ్చు. వి.వి. గిరి 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండ్‌లోని డబ్లిన్ వెళ్లారు. 1916 ఐరిష్ తిరుగుబాటు తర్వాత, ఉద్యమకారులతో సంబంధం ఉందన్న అనుమానంతో దేశం విడిచి వెళ్లమన్నారు. 1969లో ఆయన మన రాష్ట్రపతి అయ్యారు.

ఇక ఈ కాలానికి వస్తే, 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ ఏడాది ఏ దేశం నుంచీ అంతమంది అక్కడ లేరు. ఇంత రద్దీలో మోసానికీ చోటు దొరుకుతుంది. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మోసం బయటపడి 2011లో మూతపడినప్పుడు, అక్కడ చేరిన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అలాంటి మోసాలకు వల పన్నడానికి అమెరికా అధికారులే ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం నడిపారు. 2019లో అది బయటపడేసరికి చేరినవారిలో తెలుగువాళ్లే ఎక్కువగా కనిపించారు. అక్కడ తరగతులూ లేవు, పాఠం చెప్పే మాస్టారూ లేరు.