తాయ్ చీ స్త్రీల ఆత్మరక్షణకు చాలునా?

తూర్పుకనుమలలోని రంపచోడవరపు మన్యమున కోయ, కొండరెడ్డి బాలికలు పలువురు గూడెములు విడిచి ఆశ్రమపాఠశాలలలో నుండి చదువుకొనుచున్నారు. బిడ్డను దూరము పంపిన తల్లికి కలుగు దిగులు కొండయందైనను పట్టణమందైనను ఒక్కటియే. ఈ దిగులు తీరుటకు పిల్లలకే విద్య నేర్పవలెను? చీనాదేశపు తాయ్ చీ ఇందుకు పనికివచ్చునా? సోదరీమణులతో గూడి విచారింపదలచితిమి.

దీని పూర్తి నామము తాయ్ చీ చ్వాన్. కడపటి మాటకు పిడికిలి యని యర్థము. కావున పుట్టుకచే నిది పోరాటవిద్యయే. 19వ శతాబ్దిలో యాంగ్ లూచాన్ అను నాతడు హెనాన్ రాష్ట్రములోని చెన్ వంశీయుల గ్రామమున దీనిని నేర్చి బీజింగునందు ప్రసిద్ధికి తెచ్చెను. 1956లో చీనా ప్రభుత్వము ఆరోగ్యమునకై 24 భంగిమల సులభక్రమము నేర్పరచినది. నేడు లోకమున విరివిగా నేర్పబడునవి ఇట్టి మెల్లని కదలికలే. ఇందు ఎదుట ప్రత్యర్థి యుండడు. ఇద్దరు చేతులు తాకించి నెట్టుకొను అభ్యాసము కలదు గాని, అది యన్నిచోట్ల నేర్పరు.

2017లో చెంగ్డూ నగరమున వెయ్ లెయ్ అను తాయ్ చీ గురువు షూ షియావ్‌డోంగ్ అను యోధునితో తలపడి అరనిమిషమైనను నిలువలేకపోయెను. ఒక్క పోటీచే విద్య నంతటిని తూచరాదు. అయినను, బలము చూపి యెదిరించు మనిషితో అభ్యసింపనిదే యే విద్యయు ఆపదలో అక్కరకు రాదని మా యభిప్రాయము.

మఱి యేది అక్కరకు వచ్చును? కెనడాలో 893 మంది విశ్వవిద్యాలయ విద్యార్థినులపై జరిపిన పరిశోధన 2015లో వెలువడినది. అందు సగముమందికి 12 గంటల శిక్షణ నొసగిరి. పరిచితులలోనే పొంచియుండు అపాయమును గుర్తించుట, మొగమోటము విడిచి గట్టిగా కాదనుట, దేహబలముతో విడిపించుకొనుట అందలి పాఠములు. ఏడాదిలో అత్యాచారమునకు గురియైనవారు శిక్షణ పొందినవారిలో నూటికి 5.2, పొందనివారిలో 9.8. దేహబలమునకు ముందు మనోబలము నేర్పిరని గమనింపుడు.

చట్టమును స్త్రీకి అండగా నున్నది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత 34 మొదలు 44 వఱకు గల సెక్షన్లలో ఆత్మరక్షణపు హక్కును చెప్పుచున్నది. ఆపదలో 112, స్త్రీల సహాయమునకు 181, పిల్లలకు 1098 సంఖ్యలను ఇంటింట బాలికలచే వల్లెవేయింపవలెను.

అట్లని తాయ్ చీని త్రోసివేయరాదు. పెద్దవయసువారు పడిపోవుటను అది సుమారు ఐదవవంతు తగ్గింపవచ్చునని 2019 నాటి యొక పరిశోధనల సమీక్ష తెలిపినది. తుంటియెముక విరిగి మంచము పట్టిన వృద్ధురాలిని చూచినవారికి ఈ మేలు స్వల్పమని తోపదు. ఇంటి పెద్దలకు తాయ్ చీ నిజముగా రక్షయే.

బాలికలకు మాత్రము ఎదుట మనిషినుంచి నేర్పు విద్య కావలెను. అంతకుముందు తల్లి చెప్పవలసిన మాట యొకటి కలదు: “అమ్మా, ఎవరైనను, బంధువైనను, గురువైనను, నీకు వెఱపు కలిగించినచో కేకవేయుము, పాఱిపొమ్ము, వచ్చి మాతో చెప్పుము. మేము నిన్ను తప్పుపట్టము.” ఈ మాట విన్న పిల్ల ఆపదలో నోరు మెదపక నిలిచిపోదు.